రాహుకాలంలో చూసిన హాలు

2023, ఆషాఢ మాసం. విజయవాడ భవానీపురంలో మా ఆఫీసు. ఆఫీసంటే మరీ ఊహించుకోకండి. మందుల షాపుకీ సెల్‌ఫోన్ రిపేరు కొట్టుకీ మధ్య మిగిలిన సందుకి షట్టరు బిగిస్తే వచ్చిన గది. బోర్డు మీద ‘ప్రాపర్టీ కన్సల్టెంట్’ అని ఉంటుంది. జనం బ్రోకరు అంటారు. మా ఆవిడేమో, “ఊరందరికీ ఇళ్ళు పట్టిస్తారు, ఈయనకి మాత్రం ఇల్లు పట్టదు” అంటుంది. మూడింటిలోనూ ఆవిడ మాటే నిజానికి దగ్గర.

ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. కాబట్టి ఆ నెలంతా ఫ్యాను కింద నేనూ, నా చుట్టూ ఈగలూ. అలాంటి రోజుల్లో ఒకావిడ స్కూటీ ఆపి లోపలికొచ్చారు. పేరు వసుంధర గారు. కూచిపూడి పక్క పల్లెలో పుట్టి, ఆ ఊళ్ళోనే నాట్యం నేర్చుకున్నారు. ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరుగా చేస్తూ, సాయంత్రాలు తాముండే అపార్ట్‌మెంటు సెల్లారులో పిల్లలకి డాన్సు నేర్పేవారట. ఆ వేసవిలో ఇక పూర్తిగా నాట్యమే అనుకుని ఉద్యోగం మానేశారు. మానేసిన కొన్నాళ్ళకే అసోసియేషన్ వాళ్ళు సెల్లారులో క్లాసులు కుదరవన్నారు.

“దసరా దాకా గడువిచ్చారండీ మూర్తి గారూ. ఆలోగా చోటు దొరక్కపోతే పిల్లలు చెదిరిపోతారు. ఒకసారి చెదిరితే మళ్ళీ రారు. నేను కూడా మళ్ళీ బడికెళ్ళి అక్బరూ ఔరంగజేబూ చెప్పుకోవాల్సిందే.”

“దసరా దాకా ఎందుకమ్మా, శ్రావణంలోనే గజ్జె కట్టిస్తాను” అన్నాను. మా వృత్తిలో ధైర్యం ఎప్పుడూ ముందుంటుంది, చోటు తర్వాత వస్తుంది.

ఇక్కడ మా ‘సైట్ విజిట్’ గురించి కొంచెం చెప్పాలి. పార్టీని తీసుకెళ్ళి చోటు చూపించడాన్ని మేం అలా అంటాం. మావైపు అది చిన్నపాటి పెళ్ళిచూపులే. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం అన్నీ తప్పించి ఇల్లుగలాయనకీ అద్దెకొచ్చే ఆయనకీ కుదిరే గడియ వెతికితే, ఎక్కువసార్లు అది పొద్దున పూటే పడుతుంది. ఆ పూట ఇల్లు పెళ్ళికూతురిలాగే ఉంటుంది. కడిగిన వాకిలి, వేసిన ముగ్గు, కిటికీలోంచి లేత ఎండ. సాయంత్రాలు దాని స్వభావం ఏమిటో కాపురానికొచ్చాక గానీ తెలీదు.

నా దగ్గర అప్పుడు మేలిమి చోటు ఒకటుంది. భవానీపురం మెయిన్ రోడ్డు మీద ప్రసాద్ గారి మేడ. పైన పెద్ద హాలు, తూర్పు ముఖం, మంచి ‘ఫ్రంటేజీ’. ఫ్రంటేజీ అంటే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కనిపించే ముందు భాగం. బోర్డు పెడితే బస్సులోంచి కూడా చదువుకోవచ్చు. ఆ ఏడు అధిక శ్రావణం కూడా వెళ్ళి, నిజ శ్రావణం రాగానే ఒక ఆదివారం పొద్దున మంచి గడియలో చూపించాను. ఆమె హాలంతా తిరిగారు, చెప్పులు విడిచి నేల తడిమి చూశారు. మొహం వెలిగింది. నా మొహం ఇంకా వెలిగింది.

“చాలా బావుందండీ. మళ్ళీ సాయంత్రం అయిదింటికి చూపిస్తారా?”

“ఇవాళా? ఆదివారం అయిదింటికి రాహుకాలం కదమ్మా!”

“నా క్లాసు కూడా అప్పుడే కదండీ.”

ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. కంకిపాడు వైపు రైతు కుటుంబం ఆయనది, పట్నంలో మేడలు కట్టినా పంచాంగం వదల్లేదు. “రాహుకాలంలో ఇల్లు చూపిస్తే రాహువే అద్దెకి దిగుతాడయ్యా! నేను రాను. తాళం మధ్యాహ్నమే పట్టుకెళ్ళు. నీ తిప్పలు నువ్వు పడు” అన్నారు.

సాయంత్రం, ఆమె తన క్లాసు పెద్ద పిల్లలకి అప్పజెప్పి వస్తే, ఇద్దరం వెళ్ళాం. కింది పోర్షన్లో ఒక కుటుంబం ఉంటోంది. టీచర్ గారు ముందు వాళ్ళ తలుపు తట్టి, కాసేపు కూర్చోనిస్తారా అని అడిగి, నావైపు తిరిగారు.

“మీరు పైకెళ్ళి అడుగులెయ్యండి.”

“నేనా?”

“నేనే పైనుంటే కిందకి ఎట్లా వినపడుతుందో నాకెట్లా తెలుస్తుందండీ? ఏం లేదు. మోకాళ్ళు కొంచెం వంచి, కుడికాలు, ఎడంకాలు, పాదం మొత్తం నేలకి తగిలేట్టు కొట్టండి. తై, తై అనుకోండి. మా కొత్త పిల్లలూ ఇట్లాగే మొదలెడతారు.”

“మీ కొత్త పిల్లలు ఎనభై కిలోలుంటారా అమ్మా?”

“ఒక్కొక్కరూ ఉండరు. అందరూ కలిస్తే మీకన్నా ఎక్కువే.”

ఇన్నేళ్ళుగా పార్టీలు నన్ను ఎన్నో ఆటలాడించారు గానీ, నాట్యం చేయించింది మాత్రం ఆమె ఒక్కరే. తలుపు మూసుకుని, కిటికీలు కూడా మూసుకుని, తై తై అంటూ మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, కాసేపటికి హుషారొచ్చింది. చేతులు కూడా కదిలించాను. ఆయాసం కమ్మేసి ఆగి, కిందకి దిగేసరికి వాళ్ళ సీలింగు ఫ్యాను ఇంకా ఊగుతోంది. చెవిలో పెన్సిలు దోపుకున్న ఒకమ్మాయి లోపలి గదిలోంచి వచ్చి, “అంకుల్, పైన గోడ కొట్టేస్తున్నారా?” అని అడిగింది.

“మా అమ్మాయి లాంగ్ టర్మ్ అండీ” అంది ఆ తల్లి. బెజవాడలో ఈ మాటకి వివరణ అక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. మెడిసిన్ సీటు కోసం ఏడాదంతా మళ్ళీ కూర్చుని చదవడం. “అయినా పర్లేదులెండి, సర్దుకుంటాం” అని కూడా అంది, కాఫీ ఇస్తూ.

బయటికొచ్చాక టీచర్ గారు స్కూటీ తాళం చేతిలోనే తిప్పుతూ నిలబడ్డారు. “ఆ పర్లేదు విన్నారా? మా పైఫ్లాటు వాళ్ళు కూడా మొదట్లో అదే అన్నారండీ. మొహమాటానికి అన్న పర్లేదు చివరికి అసోసియేషన్ మీటింగు దాకా వచ్చింది. ఈ హాలు వద్దు.”

“అమ్మా, ఓనరు ఒప్పుకున్నాడు, కిందవాళ్ళు ఒప్పుకున్నారు...”

“ఆ పిల్ల ఒప్పుకోలేదు కదండీ. ఆ పిల్లని ఎవరూ అడగను కూడా లేదు.”

నేను స్కూటరెక్కి ఇంటికెళ్ళాను గానీ, నా బుర్ర ఆ హాల్లోనే ఉండిపోయింది. ‘లొకేషన్’ అంటే మేం చెప్పే పాఠం ఒకటుంది. బస్‌స్టాపు ఎంత దూరం, నీళ్ళొస్తాయా, వానకి రోడ్డు మునుగుతుందా, పక్కవాళ్ళు ఎలాంటివాళ్ళు. అన్నీ ఆ చోటు మనకేం చేస్తుందనే. మనం ఆ చోటుకేం చేస్తామని ఒక్క పార్టీ కూడా అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి ఇదే చెబుతూ ఉత్సాహంలో పెరుగు రెండుసార్లు వడ్డించుకున్నాను. “ఇన్నేళ్ళకి మీకు పక్కవాళ్ళు కనపడ్డారన్నమాట” అంది ఆవిడ.

అక్కణ్ణించి మా వేట మొదలైంది. ఆదివారాలు రాహుకాలంలో, మామూలు రోజుల్లో క్లాసు వేళకి. ఆ వేళల్లో ఇళ్ళు పౌడరు తుడిచేసుకుని కూర్చుంటాయని అప్పుడే చూశాను. నది ఒడ్డున ఒక షెడ్డు, పడమటి గాలి, ఎదురుగా కృష్ణమ్మ. ఇద్దరం ముచ్చటపడిపోయాం. అంతలో పక్క ఫంక్షన్ హాల్లో డీజే మొదలైంది. ఆ మోతకి మా తాళం తాళలేకపోయింది. ఇంకోచోట పక్కనే పురుళ్ళాసుపత్రి. ఆమె బోర్డు చూసి స్కూటీ కూడా దిగలేదు. “అప్పుడే పుట్టినవాళ్ళని పడుకోనివ్వండి” అన్నారు.

వినాయక చవితి వెళ్ళిపోయింది. పిల్లల తల్లిదండ్రులు వేరే డాన్సు స్కూళ్ళ వివరాలు కనుక్కుంటున్నారని తెలిసింది. పాత స్కూలు వాళ్ళు దసరా సెలవుల తర్వాత చేరతారా అని ఫోన్ చేశారట. ఒక సాయంత్రం టీచర్ గారు మా ఆఫీసుకొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

“చేరతానని చెప్పేద్దామనుకుంటున్నానండీ.” లేవబోయి మళ్ళీ కూర్చుని, “పోనీ, మీ దగ్గర ఎవరికీ నచ్చని చోటు ఏదన్నా ఉందా?” అన్నారు.

“అలాంటివాటికి లోటా అమ్మా” అని నవ్వబోయి ఆగాను. ఉంది. మా భాషలో ‘డెడ్ లిస్టింగ్’, ఎంతమందికి చూపినా కదలని చోటు. విద్యాధరపురంలో ఇదే ప్రసాద్ గారి గోడౌను. సగం ఒక పేపరు ప్లేట్ల హోల్‌సేల్ వ్యాపారికిచ్చారు, రెండో సగం ఖాళీ. నేల మీదే కట్టిన హాలు, పైన రేకులు, వెనక ఏదో స్కూలు ప్రహరీ. ఎవర్ని తీసుకెళ్ళినా సందు మొదట్లోనే వెనక్కి తిరిగేవాళ్ళు. సందు నిండా లారీలు, హమాలీల కేకలు, దుమ్ము.

“మీరు ఎప్పుడు తీసుకెళ్ళేవారు?”

“ఎప్పుడేమిటమ్మా, మంచి గడియలో. పొద్దున...”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు సరిగ్గా క్లాసు వేళ. షట్టరు సగమే దించి పరుగెత్తాం.

సందు ఖాళీగా ఉంది! చివరి లారీ మాకెదురొచ్చి వెళ్ళిపోయింది. పేపరు ప్లేట్ల వైపు తలుపులు మూసేశారు. వీధి దీపం వెలిగింది. పిల్లలెవరో సైకిలు తొక్కుతున్నారు. ఆ సందుకి అలాంటి మొహం కూడా ఉంటుందని నాకే తెలీదు, దాన్ని అమ్ముకు బతికేవాణ్ణి! ఖాళీ సగానికి నేను తాళం తీస్తే, టీచర్ గారు లోపలికెళ్ళి అడుగేశారు. భూమి చప్పుడుని మింగేసింది. కింద ఎవరూ లేరు, పైన ఎవరూ లేరు, వెనక స్కూలుకి తాళం. ఒక్క ఎదురిల్లు మాత్రం ఉంది.

“కానివ్వండి మూర్తి గారూ.”

నేను లోపల తై తై, ఆమె ఎదురింటి అరుగు మీద. ఆ ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆమె దాచకుండా చెప్పారట. రోజూ సాయంత్రం, ఆదివారం కూడా, గజ్జెలు, తాళాలు, పిల్లల గోల. పర్లేదు అనొద్దని, బాగా ఆలోచించి చెప్పమని కూడా అడిగారట. నేను బయటికొచ్చేసరికి మాస్టారు అంటున్నారు:

“పొద్దున్నించీ లారీలు విన్న చెవులమ్మా ఇవి. కాకపోతే ఏడున్నరకి నేను వార్తలు చూస్తాను. ఆలోగా ఆపేస్తావా?”

“ఏడింటికే ఆపేస్తానండీ.”

“అయితే నిజంగానే పర్లేదు.”

లోపల్నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “ఆ లోపల గెంతింది ఎవరమ్మా? ఆయనకి నేర్పేటట్టయితే మాత్రం మేం ఒప్పుకోం!”

ఆ వారమంతా ఆమె రోజూ ఆ వేళకి వచ్చి చూసుకున్నారు. తర్వాతే సరేనన్నారు. ప్రసాద్ గారు నెత్తి కొట్టుకున్నారు. “బంగారం లాంటి మేడ వదిలి ఆ గోడౌనేంటమ్మా! పోనీ, అగ్రిమెంటు కూడా రాహుకాలంలోనే రాద్దామంటావా?”

“అయ్యో, లేదండీ. చూసేటప్పుడు చెడ్డ గడియలో చూడాలి. చేరేటప్పుడు మంచి గడియలోనే చేరాలి” అన్నారు ఆమె. ఆయన తృప్తిగా పంచాంగం తీశారు.

విజయదశమి నాడు వెళ్ళాను. రేకుల కింద సున్నం వాసన, మావిడాకులు, గుమ్మం బయట పిల్లల చెప్పులు కుప్పలుగా. సెల్లారులోని పిల్లలందరూ వచ్చారు. చూసిపోదామని వాళ్ళకి తోడొచ్చిన కొత్త పిల్లలు కూడా వరసల్లో నిలబడిపోయారు. టీచర్ గారు చేతులతో తాళం వేశారు. అన్ని పాదాలూ ఒక్కసారి నేలని తాకాయి. సందులో ఒక్క కిటికీ కూడా మూసుకోలేదు.

అప్పట్నించీ నా దగ్గరికి ఇల్లు కావాలని ఎవరొచ్చినా, బడ్జెట్ కన్నా ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను. “మీరు ఇంట్లో ఏం చప్పుడు చేస్తారండీ?” మొదట కోప్పడతారు. తర్వాత ఆలోచిస్తారు. తెల్లవారుజామున గ్రైండరు వేస్తామని ఒకరు, కుక్క ఉందని ఒకరు చెబుతారు. మొన్న కొత్తగా పెళ్ళైన జంట ఒకరినొకరు చూసుకుని, “మేం బాగా పోట్లాడుకుంటామండీ” అన్నారు. వాళ్ళకి మూడు వైపులా ఖాళీ స్థలం ఉన్న కార్నరు ఇల్లు చూపించాను. నాలుగో వైపు ఎవరున్నారని వాళ్ళే అడిగారు.