కొట్టెయ్యడానికి పెట్టిన రెండు కాలేజీలు

జూలై పదిహేడు, బుధవారం. ఇంజనీరింగ్ సీట్లకు ఆప్షన్లు మార్చుకోవడానికి ఆఖరి రోజు. మా అరుగు మీద ఉన్నవారు: నేను, మా ఆవిడ, బజారులో కిరాణా దుకాణం నడిపే వ్యాపారి భార్య, వాళ్ళ కూతురు. వ్యాపారి రాలేదు.

ఆనాటి డైరీ ఇలా మొదలవుతుంది. శృంగవరపుకోటలో నేను జూనియర్ కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఏనాడూ పాఠం చెప్పకపోయినా ఊళ్ళో అందరూ నన్ను మాస్టారనే పిలుస్తారు. ఏటా ఇంటర్ ఫలితాలొచ్చాక పిల్లలు మా అరుగు మీదికి చేరతారు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఏది ముందు, ఏది వెనక అన్నది వాళ్ళతో కూర్చుని తేలుస్తాను. వరస మాత్రం వాళ్ళ చేతే రాయిస్తాను. చదవబోయేది వాళ్ళు కదా.

ఈ పిల్లకు కావలసింది మెటలర్జీ. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే మేనమామ చిన్నప్పుడోసారి ఫర్నేసు చూపించాడట. కరిగిన లోహం ఎర్రగా పారడం చూసింది మొదలు ఆ పిల్లకు వేరే ఆలోచన లేదు. విజయనగరంలో ప్రభుత్వ కాలేజీలో ఆ బ్రాంచి ఉంది. సీట్లు తక్కువ. తన ర్యాంకుకు రావచ్చు, అంచు మీద ఉంది. దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం తల్లి చేతిలో ఒక ప్రింటు ఉంది. ముందు రోజు తండ్రి నెట్ సెంటర్లో తీయించి దేవుడి గూట్లో పెట్టాడట. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. వరస మారిపోయింది. మొదటి రెండు చోట్లా దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలు, రెండింటిలోనూ కంప్యూటర్ల బ్రాంచే. మెటలర్జీ మూడో చోటికి దిగింది.

ఎందుకిలా చేశాడని అడిగితే ఆమె కొంగు సర్దుకుంటూ చెప్పింది. "కావలసింది ముందే అడిగీకూడదంట మాస్టారూ. ముందు రెండూ ఆళ్ళు కొట్టీడానికంట. మూడోదాని కాడ బేరం తెగుతాదంట."

నాకు నవ్వు రాలేదు. బేరంతోనే బతికిన మనిషికి అది తెలివైన పద్ధతే. కానీ సీట్లు పంచే కంప్యూటర్ బేరమాడదు. జాబితా పైనుంచి చూస్తూ వస్తుంది, ర్యాంకుకు ఏ సీటు దొరికితే అక్కడ ఆగిపోతుంది. ఆ కింద ఏముందో దానికి అక్కర్లేదు. ఆ రెండు కాలేజీల్లోనూ ఏటా సీట్లు మిగులుతూనే ఉంటాయి. అంటే మొదటిదే ఖాయంగా వచ్చి పడుతుంది.

సాయంత్రానికి సైటు మూసేస్తారు. మార్చాలంటే ఓటీపీ కావాలి. అది వచ్చేది తండ్రి ఫోనుకి. ఎన్నిసార్లు చేసినా ఆయన ఎత్తడం లేదు. సంత రోజు.

లాప్‌టాప్ గుడ్డసంచిలో పెట్టుకుని పిల్లతో బయలుదేరాను. దారిలో ఆ పిల్ల ఒకే ఒక్క మాట అడిగింది. "నన్ను హాస్టల్‌కి పంపడం ఇష్టం లేక ఇలా సేసేడా తాతగారూ?" నాకూ అదే అనుమానం. తెలియదన్నాను.

దుకాణం ముందు నిలబడే చోటు లేదు. కొండ మీంచి దిగినవాళ్ళు ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు కట్టించుకుంటున్నారు. ఆయన తూకం మీంచి తలెత్తకుండానే కూర్చోమన్నాడు. నేను నిలబడే విషయం చెప్పాను. పొట్లం కడుతూ మొత్తం విన్నాడు. ప్రభుత్వం వాళ్ళు ఎవరికీ అడిగింది అడిగినట్టు ఇచ్చిన పాపాన పోలేదని, ఒకవేళ తేడా వచ్చినా రెండో విడత ఉంది కదా అని అన్నాడు. రెండో విడతకు మెటలర్జీలో ఆ కాస్త సీట్లూ మిగలవని చెప్పాను.

"మాస్టారూ, మీరు కాయితాలు సూసినోరు. నాను మనుషుల్ని సూసినోణ్ణి," అన్నాడు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అప్పటిదాకా బస్తాల పక్కన నిలబడ్డ పిల్ల ముందుకొచ్చింది.

"నాన్నా, ఆ రెండు కాలేజీలోళ్ళ దగ్గరా సీట్లు అమ్ముడుపోని సరుకులా పడున్నాయి. నువ్వు మొదట అదే అడిగేవు. కొడతారేటి? మూటకట్టి నెత్తినెడతారు."

ఆయన చేతిలో దారం ఆగింది. ఎవరో ఉల్లిపాయలు అడిగారు, వినిపించుకోలేదు. కూతురి వైపు చూసి, "ఎవులు సెప్పేరే గుంటా, మిగిలిపోతన్నాయని?" అన్నాడు. ప్రతి ఏడూ మిగిలిన సీట్లు సైట్లోనే పెడతారని చెప్పింది. నేను లాప్‌టాప్ తెరిచి పప్పు డబ్బాల మీద పెట్టి ఆ పేజీ చూపించాను. ఆయన వేలు పెట్టి రెండు కాలేజీల వరసలూ చదివాడు. మళ్ళీ చదివాడు.

తరువాత ఫోను తీసి కూతురి చేతికిచ్చాడు. సైటు తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతోంది. చివరి రోజు అందరూ ఒకేసారి మీద పడతారు. మొదటి ఓటీపీ గడువు దాటాక వచ్చింది. రెండోది వచ్చే లోపల విజయనగరం హోల్‌సేల్ వాళ్ళ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. పిల్ల ఆయన వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మోగి మోగి ఆగింది. ఓటీపీ రాగానే పిల్ల అంకెలు కొట్టింది. మెటలర్జీని పైకి తెచ్చింది, కంప్యూటర్లను కిందికి దించింది, సేవ్ అయిందన్న మాట కనిపించేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు.

నేను సంచి సర్దుకుంటుంటే ఆయన అన్నాడు. "ఒప్పించేరనుకోకండి మాస్టారూ. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారంతే."

అది వేళాకోళమో కాదో ముఖం చూస్తే తెలియలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతుండగా ఫోనుకి మెసేజి వచ్చింది. ఆప్షన్ల గడువు ఇంకో రోజు పొడిగించారు. మామూలుగా అయితే సంతోషించేవాణ్ణి. ఆ రోజు మాత్రం కప్పు కింద పెట్టేశాను. వరస మళ్ళీ మార్చవచ్చు. ఫోను ఆయన దగ్గరే ఉంది.

కాసేపటికి గేటు చప్పుడైంది. ఆయనే. లోపలికి రమ్మంటే దుకాణం తెరవాలన్నాడు. గడువు సంగతి తెలుసా అని నేను అడగలేదు. ఆయనే తెలుసన్నాడు. తెల్లవారుతూనే గరివిడిలో బావమరిదికి ఫోను చేశాడట.

"అడిగేను, మెటలర్జీ సదివిన ఆడోళ్ళు ఆ ఫేక్టరీలో ఉన్నారేటని. లేబులో ఒకమ్మాయి ఉన్నాదంట. ఫర్నేసు కాడికీ ఎల్తాదంట, హెల్మెట్టెట్టుకుని." గేటు గడియ అటూ ఇటూ ఆడించాడు. "ఆ కంప్యూటర్ల కాలేజీలు ఇంకా లిస్టులో ఉన్నాయా?"

అడుగున ఉన్నాయని, ఏదీ రాకపోతే అక్కరకొస్తాయని చెప్పాను.

"ఉండనివ్వండి. కింద ఉంటే ఏటి," అని వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక కూతురు వచ్చింది. ఇంటి దగ్గర్నుంచి వెనకాలే వచ్చిందట, కనబడకుండా.

"నెట్ సెంటర్ కాడ ఆగేడు తాతగారూ. తెరిసే ఉన్నాది. మళ్ళీ మార్సెస్తాడనుకున్నాను. సెప్పులో రాయి తీసుకుని ఇటు వచ్చేసేడు," అంటూ మెట్టు మీద కూలబడింది. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది.