పైమొగ్గ, పక్కమొగ్గ

ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషికి పూలతోట గురించి ఏం తెలుస్తుంది చెప్పండి! అయినా కండక్టరమ్మ రిటైరైన మర్నాడే డ్రాయింగు మాస్టారైన మొగుణ్ణి కూర్చోబెట్టి, "ఏమండీ, ఇకనైనా ఇద్దరం కలిసి ఏదైనా చేద్దాం" అంది. ఆవిడ తెల్లారకముందే డ్యూటీకి పోయేది, ఆయన బడి నుంచి వచ్చేసరికి నిద్రపోయేది. ఒకే ఇంట్లో రెండు షిఫ్టుల కాపురం. అలా ఇంటి వెనక పావెకరంలో, పొడుగు కాడతో కోసి కొట్లకు అమ్మే చామంతులు వేశారు.

వేశారు సరే, పాత అలవాటు ఎక్కడికి పోతుంది! పొద్దున షిఫ్టు ఆయనది, సాయంత్రం షిఫ్టు ఆవిడది. వంటింటి పలక మీద "నీళ్ళు పెట్టాను", "కలుపు తీశాను" అని రాసుకోవడమే మాటలు.

మొగ్గలు కట్టాక శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు పూలకొట్టాయన. నచ్చితే వారం వారం తీసుకుంటాడు, లేదా మళ్ళీ ఇటు తొంగిచూడడు. ఇంకెవరూ కొనేవాళ్ళు లేరు, తోట పీకెయ్యడమే.

బుధవారం సాయంత్రం తోటలోకి వెళ్ళిన కండక్టరమ్మకు మతిపోయింది. మొక్కలు నిగనిగలాడుతున్నాయి, మొగ్గ మాత్రం ఒక్కటీ కనబడలేదు. ఆకు తిరగేసింది, పురుగు లేదు. పిట్టలా? మేకలా? మేకైతే ఆకు వదులుతుందా? దొంగలు మొగ్గలెత్తుకుపోయి ఏం చేసుకుంటారు, కూర వండుకుంటారా? బస్సులో తలలు లెక్కపెట్టినట్టు వరసలు మళ్ళీ మొదటినుంచి చూసుకుంటూ సగందాకా వచ్చింది. అసలిది తన తోటేనా అని కూడా అనుమానం వచ్చింది పాపం.

"ఏమండీ, ఓసారిలా రండి!"

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని వచ్చాడు.

"మొగ్గలేవండీ?"

"అదే నాకూ అర్థం కావట్లేదోయ్. పక్కమొగ్గలన్నీ ఇవాళ పొద్దున నేనే గిల్లాను. పైన ఒక్కటే ఉంచితే పెద్ద పువ్వొస్తుందని నారు అమ్మినాయన చెప్పాడు. ఆ పైదే ఇంకా రాలేదు."

కండక్టరమ్మ ఓ మొక్క కొస వంచి చూసింది. పూలకొట్టాయన గుత్తులే కావాలన్నాడని, పక్కవి విచ్చుకోవాలని, పైమొగ్గ మిరియపుగింజంత ఉన్నప్పుడే తాను గిల్లేసింది, పది రోజుల కిందట.

"అయ్యో రాత! నాతో ఒక్క ముక్క చెప్పకూడదా?"

"నువ్వు చెప్పావా?"

ఎవరిని తిట్టాలో ఆవిడకు తోచలేదు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. అంతలో తానింకా చూడని గోడవార చివరి వరస కంటబడింది. దాన్నిండా పక్కమొగ్గలే!

"అది రేపు గిల్లుదామనుకున్నాను, నడుం పట్టేసింది" అంటూనే మాస్టారు అలవాటుగా చెయ్యి చాపాడు.

ఆవిడ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్క వరస చూసి పూలకొట్టాయన ఏమంటాడో ఇద్దరికీ తెలియదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"పొద్దున ఎన్నింటికి లేస్తావోయ్?" అన్నాడు చివరికి.

"మీరెప్పుడు లేస్తే అప్పుడే."