లూకా చల్లార్చిన రాళ్ళు

మా నాన్న లూకాకి ఇనుమంటే ప్రాణం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి ముందు నిలబడ్డాడు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోమంటే వింటేగా! ఊళ్ళోనే మలంచా పేట అవతల ఒక చిన్న ల్యాబులో ఫర్నేసులు చూసే పనికి కుదిరాడు. అక్కడ రాధారాణి అని, మన తెలుగువాళ్ళ రైల్వే కుటుంబం పిల్లే, పీహెచ్‌డీ చేస్తోంది. ఇనుము, సెలీనియం, పొటాషియం కలిపి గాజుగొట్టంలో కాల్చి చిన్న రాళ్ళు తయారుచేస్తుంది. ఘోరమైన చలిలో పెడితే వాటిలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారాలి. రెండేళ్ళైనా పారలేదు. ఈ నెలాఖరుతో ఆ పని ఆపేయమని వాళ్ళ సారు చెప్పేశాడు.

మొన్న ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆ పిల్ల రసగుల్లాల కుండతో మా గుమ్మంలో ఉంది.

"అంకుల్, పారింది! నిన్న మీరు లీవు గదా, నేనే గొట్టం తీసి కాకమీదుండగానే నీళ్ళలో ఏసినాను. అడ్డు సున్నా! ఇదే పని మీ సేత నలభై ఒక్కసారి సేయించినాను. అప్పుడెందుకు రాలేదో ఏటో!"

నాన్న కుండ అందుకోబోయి ఆగిపోయాడు.

"నాను ఒక్కసారీ కాకమీద ఏయలేదు తల్లీ. కొలిమిలోనే సల్లారనిచ్చి, తరవాత నీళ్ళలో ముంచి నీకిచ్చినాను."

ఓరి దేవుడా! చిన్నప్పుడు నేను ఒక్క అబద్ధమాడితే చెంప పగలగొట్టిన మనిషేనా ఈయన?

"ఎందుకంకుల్?"

"కాలిన గాజు పగిలిపోద్దని. ఇనుముని తొందరపెడితే బీటలిస్తది. మంచి ముక్కని మేం బూడిదలో కప్పి సల్లార్సీవోళ్ళం. నీ రాయి పాడవకూడదనే..."

"అది మామూలు గాజు కాదు, పగలదు! రాయిలో అక్కడక్కడ ఇనుము అణువులు లేక ఖాళీలుంటాయి. నెమ్మదిగా సల్లారితే ఆ ఖాళీలు వరసగా సర్దుకుంటాయి. అప్పుడు మిగిలిన ఇనుమంతా అయస్కాంతాలై ఎదురెదురుగా బిగిసిపోద్ది. కరెంటు కదలదు. వరస కుదరకముందే సల్లార్సాల. అందుకే గదా నీళ్ళలో ఏయమన్నాను!"

ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడింది. "నాకే బుర్ర లేదని మా అమ్మ దగ్గర ఏడ్సినాను. మానేస్తానని కాయితం కూడా రాసీసినాను."

నాన్న చేతులు జోడించాడు. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. మంచి చేస్తున్నానని ఒకరి బతుకులో మన్ను కొడతారా? ఒక్కసారి అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా?

సోమవారం ఆమె నోటుబుక్కు నాన్న ముందు పెట్టింది. నలభై ఒక్క చోట్ల 'నీళ్ళలో చల్లార్చాను' అన్నది కొట్టేసి, 'నెమ్మదిగా చల్లారింది' అని నాన్న తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. వాళ్ళ సారు అవి చూసి, ఒకే రకం రాయిని రెండు విధాలుగా చల్లార్చి పోల్చడానికి ఇంతకంటే మంచి రుజువు ఎక్కడ దొరుకుతుందన్నాడట. మరిన్ని రాళ్ళు చేయమని ఆర్నెల్లు గడువిచ్చాడు. పని ఆగిపోకుండా నిలబడింది. నాన్న ఉద్యోగమూ నిలబడింది.

సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, అన్నం పెట్టినా ముట్టలేదు.

"ఏటయింది నాన్నా, అంతా మంచే జరిగింది కదా?"

"జరిగింది. కానీ ఆ పిల్ల నన్ను అంకుల్ అనలేదు, లూకా గారూ అని పిలిసింది," అన్నాడు.