పోస్టుమాస్టరు కుర్చీ కోసం అర్జీలు

గల్ఫ్ దేశంలోని ముసఫ్ఫాలో మట్టి పరీక్షల ల్యాబుకు భీమరాజు వచ్చి నాలుగేళ్లయింది. అమలాపురం దగ్గర ఊరు, కెమిస్ట్రీలో డిగ్రీ. ఏడాదిన్నర కిందట సెలవుకు వెళ్లొచ్చాక పుట్టిన కూతురికి ఎనిమిది నెలలు నిండినా ఫొటోలో చూడడమే. పాప ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు లేచాయని భార్య రాసినప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. కంపెనీలో ఫ్యామిలీ ఫ్లాటు ఒక్కటే ఖాళీగా ఉంటే, దానికి పేరు ఇచ్చాడు. అది ఎవరికన్నది అమెరికన్ ముదీర్, అంటే మేనేజరు, చెప్పాలి.

ఆ ముదీర్ ముత్తాత నూట ముప్పై ఏళ్ల కిందట అమెరికా చట్టసభ సభ్యుడు. ఆయనకు జనం రాసిన ఉత్తరాలు ఒక పెట్టెడు ముదీర్ దగ్గరున్నాయి. ప్రెసిడెంటు మారితే ఊళ్లలో పోస్టుమాస్టర్లూ మారేవారట. ఆ కుర్చీల కోసం పెట్టుకున్న అర్జీలే ఎక్కువ. ఇక్కడి తేమకు కాగితాలు అంటుకుపోతుంటే, భీమరాజు వాటిని సిలికా గింజల మధ్య ఆరబెట్టి ఒక్కటీ చిరగకుండా విడదీశాడు. ఆరు నెలల పని.

తీరా వాటిని చదివి టైపు చేసే పని జిలానీ బాషాకు దక్కింది. కదిరి కుర్రాడు, నిన్నగాక మొన్న చేరాడు. ఆ గొలుసుకట్టు రాతను గడగడా చదివేస్తాడు. ముదీర్ గదిలోనే కుర్చీ, ఆయనతోనే కాఫీ. అద్దం తలుపు వెనక వాళ్లిద్దరూ నవ్వుకోవడం కనిపిస్తే భీమరాజు పని వదిలేసి అటే చూసేవాడు. కొత్తగా పెళ్లయిన జిలానీ కూడా ఆ ఫ్లాటే అడిగాడని తెలిశాక ఇక ఆగలేకపోయాడు.

ముదీర్‌కు కాగితం రాసిచ్చాడు. జిలానీ పాత ఉత్తరాల పక్కనే చాయ్ గ్లాసు పెడుతున్నాడు, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పుతున్నాడు. రెండూ నిజమే. నమ్మదగ్గ మనిషి కాదన్న చివరి వాక్యం మాత్రం భీమరాజు కల్పన.

మూడో రోజు జిలానీ ఒక ఉత్తరం పట్టుకుని ల్యాబుకు వచ్చాడు.

"ఇది వినన్నా. ఎవడో వాళ్లూరి పోస్టుమాస్టరు మీద రాసినాడు. తాగుతాడంట, ఉత్తరాలు తడిపేస్తాడంట. ఆ కుర్చీ నాకీండి అంటాడు."

"ఇచ్చారా?"

"యాడిచ్చినారు. జవాబు అక్కర్లేదని వెనకాల రాసి పెట్టినాడు ముదీర్ ముత్తాత."

భీమరాజు నవ్వబోయాడు. జిలానీ ముఖంలో నవ్వు లేదు.

"ముదీర్ నీ కాగితం గూడా నాకే ఇచ్చినాడన్నా, ఫైల్లో పెట్టమని. చాయ్ మాట నిజమే, ఇంక ఆడ తాగను అంటి. ఫ్లాటు నాకు రాసినాడు."

"నీకింకా పిల్లలు లేరు కదా," అన్నాడు భీమరాజు.

"లేరు. ఆ మాట రాసింటే అయిపోయేది గదా. ఫ్లాటుకు పేరు ఇచ్చి ఊరుకున్నావు. కాగితమంతా నా గురించే రాసినావు. నీకు బిడ్డ ఉందని ముదీర్‌కు తెల్దు."

జిలానీ వెళ్లాక భీమరాజు తెల్లకాగితం తీసుకున్నాడు. తనకు ఎనిమిది నెలల కూతురుందనీ, ఇంకో ఫ్లాటు ఖాళీ అయితే తనను తలుచుకోమనీ రాశాడు. మడిచి లేచాడు. అద్దం తలుపు దాకా వెళ్లి నిలబడ్డాడు. ముదీర్ లోపల లేడు. కాగితం అందుకోవడానికి జిలానీ చెయ్యి చాచాడు.