ఏడో మైలు

జడ్చర్ల చౌరస్తాలో బండ్లు బాగుచేసే గాలయ్యకు కూర్చోవడం చేతకాదు. చాయ్ కూడా తిరుగుతూనే తాగుతాడు. చేతిలో పానా లేకపోతే తొడ మీద వేళ్లతో దరువేస్తాడు. ఏ ఇంజన్ చప్పుడైనా తల ఒక పక్కకు వంచి వింటాడు. ఆ చెవికి నెల రోజులుగా అందనిది పది మగ్గాల ఆసామి దశరథ పాత కారు. ఆరేడు మైళ్లు బాగానే పోయి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ కదులుతుంది. గాలయ్య మూడుసార్లు కార్బురేటర్ విప్పాడు, ఏమీ దొరకలేదు. దశరథ బిడ్డ యాదమ్మకు నెలలు నిండాయి. పాలమూరు దవాఖానకు పోవాల్సింది ఆ కారులోనే.

ఈసారి గాలయ్య కూడా కారెక్కాడు. ఏడో మైలు దగ్గర అది ఆగగానే ఇంజన్ వైపు ఉరికాడు. దశరథ మాత్రం వెనక్కి పోయి, పెట్రోలుందో లేదో చూడడానికి టాంకీ బిరడా పీకాడు. బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు గాలయ్యకు వినబడింది.

"గదేంది దశరథన్నా?"

"మూత ఎక్కడ్నో పడిపోయింది. నేనే కట్టె చెక్కి, నూలు బిగించి చుట్టిన. ఆవిరి గూడ బయటికి పోదు."

"గాలి గూడ లోపలికి పోదు! గాలాడకుంటే పెట్రోలెట్ల దిగుతది? నువ్వు తీసి చూసినప్పుడల్లా దానికి ఊపిరొస్తాంది."

"మూడుసార్లు ఇంజన్ విప్పితివి, బిరడా చూడకపోతివా?"

గాలయ్య బిరడాకు చుట్టిన నూలు సగం ఊడదీశాడు.

నాలుగో రోజు దశరథ చౌరస్తాలో కారాపి, నవ్వుతూ దిగాడు.

"మనుమరాలు పుట్టింది గాలయ్యా!"

"నడుమ ఆగిందా?" అన్నాడు గాలయ్య.