కొత్త మైదానంలో పాత పచ్చిక

గోల్ఫ్ క్లబ్బులో అందరూ ఆమెను గడ్డక్క అనే పిలిచేవాళ్లు. జెండా పాతిన చోట, బంతి దొర్లే నున్నటి పచ్చికలో కలుపు మొలిస్తే మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తీసేయడం ఆమె పని. పెళ్లైన కొత్తలో చేరింది, ఇప్పుడు ఇంటికి కోడలు కూడా వచ్చింది. క్లబ్బు తాతల కాలం నాటిది. చుట్టూ మేడలు లేచి, బంతులు జనం వంటింటి కిటికీల్లో దూరడం మొదలయ్యాక, ఊరి అవతల కొత్త మైదానానికి మారిపోవాలని పెద్దలు తీర్మానించారు.

పాత మెంబర్లు ఒకే ఒక్క పట్టు పట్టారు. భవనం పోతే పోనీ, ఆఖరి జెండా దగ్గరి పచ్చిక మాత్రం తమతో రావలసిందే. దాన్ని మట్టితో సహా కోసి, చాపల్లా చుట్టి లారీకెక్కించారు.

కొత్త చోట అన్నీ యంత్రాలే, కలుపు తీసేవాళ్లు అక్కర్లేదు. మేనేజరు మొహమాటపడుతూనే ఆ మాట చెప్పాడు.

"గడ్డక్కా, ఈ పచ్చిక అక్కడ వేళ్లూనుకుందనుకో, చూసుకోడానికి నిన్ను పెట్టుకుంటాను. లేదనుకో, తీసి పారేసి కొత్త విత్తనం చల్లేస్తారు. అప్పుడిక నేనేం చెయ్యలేను."

"ఊనుకుంటుంది సార్," అంది.

లారీ దారిలో ఇరుక్కుపోయి ఆలస్యంగా వచ్చింది. చుట్టల మధ్య చెయ్యి పెట్టి చూస్తే జ్వరమొచ్చిన ఒళ్లులా కాలిపోతోంది. చుట్టలో అంతసేపు మగ్గితే పచ్చిక చచ్చిపోతుంది. పరిచారు, తడిపారు, రోలరు తొక్కించారు. అయినా కొన్నాళ్లకే అంచులు పసుపు తిరిగాయి.

ఇంట్లో ముద్ద దిగడం లేదు. భర్త అదే క్లబ్బులో గడ్డి కోసే మెషిన్ నడుపుతాడు. ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు.

"ఏమే, కోడలి పురుటికి కూడా ఇంత బెంగ పెట్టుకోలేదు నువ్వు!"

"నీకేం, మెషినెక్కి కూర్చుంటావు."

"పోతే పోయింది, ఇంట్లో కూర్చో."

"కూర్చుని? నీ మొహం చూస్తూనా?"

కోడలు ఫక్కున నవ్వింది. గడ్డక్కకు నవ్వు రాలేదు. వంటిల్లు ఏనాడో కోడలిదైపోయింది. ఏ గిన్నె ఎక్కడుందో తనకిప్పుడు తెలియదు. తనదంటూ మిగిలింది ఆ పచ్చిక ఒక్కటే.

రోజూ తెల్లవారగానే, ఎవరూ రాకముందే వెళ్లి, నీళ్ల గొట్టం దగ్గరి మూలను రెండు వేళ్లతో మెల్లగా ఎత్తి చూసేది. ఆ మూల ఇట్టే లేచి వచ్చేసేది. గబుక్కున అదిమేసి చుట్టూ చూసేది. ఒకరోజు అడుగున వెంట్రుకలకన్నా సన్నగా తెల్లటి వేరు పోగులు కనబడ్డాయి. ప్రాణం లేచొచ్చింది. మర్నాడు ఆశగా ఎత్తితే అవి తెగి ఉన్నాయి.

చివరికి మేనేజరు రానే వచ్చాడు. వచ్చి సరిగ్గా ఆ మూలే పట్టుకుని లాగాడు. చాపలా ఊడొచ్చింది.

"లాభం లేదక్కా," అన్నాడు నీరసంగా.

"రోజూ అక్కడే ఎత్తి చూశాను సార్," ఆమె నోరు జారింది. "ఊనుకుందో లేదోనని."

"రోజూనా!"

మెషిన్ మీంచి భర్త అరిచాడు. "బాగుందే! పిల్లాడు నిద్రపోయాడా లేదా అని గంటగంటకీ లేపి చూసినట్టుంది!"

అప్పుడర్థమైంది ఆమెకు. చెంపలు భగ్గుమన్నాయి. మేనేజరు కాస్త అవతలికి వెళ్లి వంగాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. పుటుక్కున చప్పుడు. తెరిచి చూస్తే ఆయన గుప్పిట్లో గడ్డి పోచలే ఉన్నాయి, అడుగున పచ్చిక కదల్లేదు. ఇంకోచోట లాగాడు, కొంచెం లేచింది. మరోచోట లేవలేదు.

"సగమే ఊనుకుంది. వానలు పడేదాకా చూద్దాం. అప్పటిదాకా నువ్వుంటావు. ఒక్కటే షరతు, చెయ్యి పెట్టకూడదు."

"ఒట్టు సార్. పెట్టను."

మర్నాడూ అందరికన్నా ముందే వచ్చింది. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని, పసుపు ఎక్కడిదాకా పాకిందో చూస్తూ, ఆ మూలకు దూరంగా నిలబడిపోయింది.