చాట ముందర దప్పిక

సకల ప్రాణుల దాహము తీర్చు గంగమ్మకు చేతులు జోడించి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ పంచమి నాడు, జగిత్యాలలోని మా ఇంటి వసారాలో కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా మనుమరాలు ఈ మధ్య ఒళ్లు తగ్గించుకొనే దీక్ష పట్టింది. లేవగానే గోరువెచ్చని నీళ్లు, భోజనానికి ముందు నీళ్లు, నడుమ ఆకలి వేసినట్లు తోస్తే అది ఆకలి కాదు దప్పిక అని మళ్లీ నీళ్లు. సెల్‌ఫోనులో ఎవరో చెప్పిన ఈ విధిని తాను పాటించుటే గాక ఇంటిల్లిపాది చేతను పాటింపజేస్తున్నది. నడుము సన్నబడినదో లేదో నాకు తెలియదు గాని, చిరుతిండ్లు తగ్గిన మాట నిజం. నిన్న ఆ పిల్ల సిరిసిల్లలో ఉన్న మా అక్కకు కూడా ఫోను చేసి, నీళ్లు బాగా తాగమని చెప్పబోగా నేను వారించవలసి వచ్చింది. అక్కకు మూత్రపిండాలు దెబ్బతిన్నవి. నీళ్లు కొలిచి తాగమన్నాడు డాక్టరు. మందులతోనే నెట్టుకు రావచ్చునో, యంత్రంతో రక్తం శుద్ధి చేయవలసి వస్తుందో వచ్చే పరీక్షలో తేలుతుందట. ఎందుకట్లా అయిందని మనుమరాలు అడిగింది. దానికి చెప్పినదే నా ఈడు వారితోనూ చెప్పుకొంటున్నాను.

నేను గొల్లపల్లిలో తెలుగు పండితుడిగా కొత్తగా చేరిన రోజులలో, సెలవు దొరికితే, అప్పట్లో కోరుట్లలో ఉన్న అక్క ఇంటికి వెళ్లేవాణ్ణి. బావ సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తూ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవాడు. అక్క, ఆమె అత్త, వాడకట్టు ఆడవాళ్లు కొందరు పొద్దున్నే మా అక్కవాళ్ల అరుగు మీద వరుసగా కూర్చుండి, ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చేసేవారు. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టే ఆ వేళ్ల వడిని ఎంతసేపైనా చూడబుద్ధి అయ్యేది; అయితే వాళ్లు గుక్కెడు నీళ్లైనా తాగరన్న సంగతి నాకు చాలాకాలం తట్టనే లేదు. నీళ్లు తాగితే లేవాలి, లేస్తే చేతి ఊపు చెడుతుంది, పైగా ఆడవాళ్లు చాటుకు పోవడానికి ఊరి బయట చీకటి తప్ప వేరే చోటు లేదు. కనుక తెల్లవారకముందే ఊరి బయటికి పోయి వచ్చినవారు మళ్లీ పొద్దుగూకేదాకా నోట్లో వక్కపలుకుతో దప్పిక నణచుకొనేవారు. ఎవరైనా పొరపాటున చాట పక్కన పెట్టి లేచిందా, “ఏందే, బాయి మింగినవా?” అని వరుసంతా నవ్వేది. కూర్చున్నచోటి నుండి కదలనిదే పనిమంతురాలని పేరు. ఆ పేరు మా అక్కకుండేది.

ఒక వేసవిలో ఆమె కడుపు పట్టుకొని చాట మీదనే ముందుకు పడిపోయింది. నేనూ ఆమె అత్తా కలిసి జగిత్యాల ఆసుపత్రికి తీసుకొని వచ్చాము. డాక్టరు మంచివాడే, మందులిచ్చి, ఇకనుంచి కడుపునిండా నీళ్లు తాగాలనీ, లేకుంటే మూత్రపిండాలకు ముప్పనీ నెమ్మదిగా చెప్పాడు. అక్క తల వంచుకొని విన్నది. చివరకు మెల్లగా అన్నది:

“తాగుమంటె తాగుత గని సారూ, పగటీలి యాడికి పోవాలె?”

ఆయన నా వంక చూశాడు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికే నేను మందుల చీటీని మడిచి జేబులో పెట్టుకొన్నాను. ముగ్గురమూ తిరుగు బస్సు ఎక్కాము. అక్క అత్త అసలే గట్టి మనిషి, కోడలి మీద ఆమె నోరు ఊరందరికీ తెలిసినదే. ఇంటికి చేరగానే ఏమంటుందోనని నేను జంకుతూ ఉన్నాను. మర్నాడు ఆమె కూలివాణ్ణి పిలిచి పసుల కొట్టం వెనుక గుంట తవ్వించింది, చుట్టూ వెదురు తడక కట్టించింది, అరుగు మీదికి నీళ్ల రంజను మోయించింది. అందరూ వచ్చి కూర్చున్నాక తానే చెంబు ముంచుకొని గటగట తాగి, కొంతసేపటికి చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

“నవ్వుడైతే నన్ను జూసి నవ్వుర్రి. నేనే మొదలు పోతున్న. బిడ్డా, నువ్వు సుత లే.”

అక్క కూడా ఆమె వెంట లేచింది. ఎవరూ నవ్వలేదు. అందరికంటే పెద్దది లేచిన తరువాత లేవడం ఎవరికీ నామోషీ కాలేదు. అక్కకు నొప్పి తగ్గింది, మనిషి తేరుకొన్నది. కాని ఒక మూత్రపిండము అంతకు ముందే కుంచించుకొని పోయిందని ఎన్నో ఏండ్ల తరువాత గాని తెలియలేదు. ఇన్నాళ్లూ రెండవది ఒక్కటే బరువు మోసింది.

ఇప్పుడు కోరుట్లలో గాని సిరిసిల్లలో గాని ఇంటింటా మరుగుదొడ్డి ఉన్నది, నల్లా ఉన్నది, పగలు లేచి పోయే ఆడదాన్ని చూసి నవ్వేవారు లేరు. మనుమరాలికి నీళ్లు తాగడమంటే ఒంటికి చేసుకొనే ముచ్చట. దప్పికను దాచుకొని బ్రతికిన కాలం ఆమెకు కథవలె వినబడింది. వినబడనీ, మంచిదే. కాని ఆ అరుగు మీద కూర్చున్నవారిలో ఎందరి కడుపులు ఎట్లా చెడ్డవో అడిగి తెలుసుకొన్నవారు మాత్రం లేరు.

ఇంతవరకు వ్రాసి పక్కన పెట్టాను. ఆషాఢ బహుళ సప్తమి నాడు సిరిసిల్లలో అక్కకు డయాలసిస్ మొదలుపెట్టారు. నేనూ మనుమరాలూ వెళ్లి, ముగిసేదాకా ఆమె దగ్గర కూర్చున్నాము.